మొక్కు కాని బియ్యం

కాపురానికి సొంతూరు వదిలి జుగ్సలాయి అనే దూరపు రైల్వే పేటకు వచ్చిన నాడు దాలమ్మ చేతిలో ఉన్నవి రెండే: ఒక ఎండుచేపల తట్ట, నలుగురిలో బేరం నెగ్గే నోరు. ఎనిమిదేళ్ళలో ఆ నోరు బజారుకే మిగిలింది. కొనేవాడి మొహంమీదే "ఈ ధరకి రాదు బాబూ, ముందుకెళ్ళు" అనే మనిషి, ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు డబ్బా మూత చప్పుడు కానిచ్చేది కాదు. కొలిచిన దాంట్లోంచి ఒక పిడికెడు తీసి మంచం కింద వేరే డబ్బాలో వేసేది. అది ప్రభువు పిడికెడు.

రైల్వే క్వార్టర్స్‌లో ధనమ్మ ఇంట ఆదివారం ప్రార్థనకు కూడే ఆడవాళ్ళంతా అలాగే చేసేవారు. పూటకో పిడికెడు పక్కన పెట్టి, నెలాఖరున ఒకచోట పోసి, లేనివాళ్ళకు పంచేవారు. దాలమ్మకు కడుపు పోయిన వారం తలదగ్గర కూర్చున్నది ధనమ్మ ఒక్కతే. మొగుడు పోలరాజు "ఎన్నాళ్ళు తొంగుంటావు, తట్టెత్తు" అన్నాడు. ధనమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థనలో దాలమ్మ పేరు పలికింది. ఏ పనీ పురమాయించకుండా తన పేరు ఒకరి నోట వినడం ఆమెకు అదే మొదలు. అప్పటినుంచి చేపలు అమ్మే వంకతో వెళ్తూనే ఉంది. మూడేళ్ళయింది.

ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వెనకవీధిలో ఒకావిడ బాప్తిస్మం తీసుకుంటే పెట్టె గుమ్మం బయటపెట్టి తలుపేశారు. దాలమ్మకు పుట్టింట్లో తలుపు తీసేవాళ్ళు కూడా లేరు.

ఒక మధ్యాహ్నం తట్ట దించేసరికి ఆ డబ్బా నట్టింట్లో ఉంది. ఎదురుగా అత్త అసిరమ్మ.

"ఇదేటే?"

దాలమ్మ తట్టమీది గుడ్డ సర్దింది.

"నాకు తెల్సునే. కడుపు పండాలని నూకాలమ్మ తల్లికి మొక్కుకున్నావు. ఒక్క మాట సెప్పనేదేటే పిచ్చిదానా!"

అసిరమ్మ కళ్ళు నిండాయి. డబ్బాకు పసుపు గుడ్డ కట్టింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి కోడలి తల నిమిరింది.

పోలరాజు రైల్వే షెడ్డులో పని దిగి వచ్చి నవ్వాడు. "అరే వా! అమ్మోరితో కూడా బేరమేటే?"

"నవ్వకురా. మంగళారం పండక్కి అమ్మోరి ఘటం దీని నెత్తినే ఎత్తుతాం. ఈ బియ్యంతోనే నైవేద్యం."

నాలుగు రోజులు. మొదటి టీ గ్లాసు దాలమ్మకే వస్తోంది. వాకిలి అత్తే ఊడుస్తోంది. ఊరుకుంటే ఇల్లు దక్కుతుంది, మర్యాద దక్కుతుంది, ఇచ్చేది ఒక డబ్బా, కాస్త మౌనం. ఇంత చవగ్గా ఎవడైనా సరుకిస్తే లోపల పురుగుందని బజారులో ఆమె తట్ట తిరగేసి చూసేది.

ధనమ్మ దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పింది.

"ప్రభువు కోసం పోగొట్టుకున్నదానికి నూరంతలు వత్తాదమ్మా."

"ఎప్పుడొదినా?"

"అది నాకు తెల్దు."

"ఈలోగా రోడ్డుమీద పడితే?"

"నా వంటింట్లో పడుకో. చాప ఒక్కటే ఉంది, సర్దుకుందాం."

నూరంతల సంగతి దాలమ్మకు అందలేదు. చాప మాత్రం కళ్ళకు కట్టింది.

మంగళవారం పొద్దున్న అసిరమ్మ ఘటానికి పసుపు పూస్తోంది. దాలమ్మ గోడ పట్టుకుని నిలబడింది.

"అత్తా, అది మొక్కు కాదు. యేసు ప్రభువు బియ్యం. మూడేళ్ళబట్టి ఇత్తన్నాను."

పోలరాజు లేచాడు. "మా తిండి తీసుకెళ్ళి ఆళ్ళకి పోత్తన్నావా?"

"మీది కాదు. నా వంతులోంచి తీశాను. ఏ పూటన్నా మీ కంచంలో తగ్గిందేటి?"

అతను కంచాల వైపు చూశాడు. ఆమె కంచంలోకి ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"బయటికి నడు!" చెయ్యి లేచింది.

"మూడేళ్ళు అరకడుపుతో తట్ట మోసిందా ఇది?" అంది అసిరమ్మ, ఎవరితోనూ కాకుండా. కొడుకును మాత్రం ఆపలేదు.

చెంప మండుతుండగా దాలమ్మ పసుపు గుడ్డ విప్పి, మడిచి, అత్త పక్కన పెట్టింది. డబ్బా ఎత్తుకుని వీధిలోకి దిగింది. వీధంతా చూస్తోంది.

ఇల్లు పోయింది. మొగుడు పోయాడు. నాలుగు రోజుల మర్యాదా పోయింది. నూరంతలు ఇంకా చేతికి రాలేదు. వచ్చింది ఒక్కటే: తన గుమ్మంలోనే ధనమ్మ "తిన్నావా?" అని అడిగితే, ఆకలిగా ఉన్నా తిన్నానని ఎప్పుడూ తలూపే దాలమ్మ, "నేదొదినా, ఆకలేత్తంది" అంది.