ఎడమ కార్నర్

తెనాలిలో కబడ్డీ సెమీఫైనల్ పోగొట్టింది కెప్టెన్ హెలెనే. ఆ సంగతి ఒప్పుకోకపోగా, రేపల్లె ప్యాసింజర్లో అందరి ముందూ నాగజ్యోతిని కడిగేసింది.

"ఎన్నిసార్లు కాలు దొరికింది! అన్నిసార్లూ వదిలేశావు. చేతులకి నూనె రాసుకొచ్చావా ఏంటే?"

ఎడమ కార్నర్‌లో ఆడే నాగజ్యోతి మర్నాడు కాలేజీ గ్రౌండుకి వచ్చి, జెర్సీ ఇచ్చేసి వెళ్లిపోయింది. ఆమె నీడ మాత్రం వెళ్లలేదు. కోర్టులో ఎడమ మూల మోకాళ్లు వంచి నిలబడిపోయింది.

కబడ్డీ మానేసిన పిల్లల నీడలు అక్కడ కొన్నాళ్లు ఉండడం మామూలే. తర్వాత వెలిసిపోతాయి. వెలిసిపోయాక ఆ పిల్ల ఇక ఆటకి రాదు.

"దాన్ని తొక్కకుండా సున్నం గీతలు వెయ్యండే," అని పీడీ మహాలక్ష్మి మేడమ్ విజిల్ ఊదింది.

ప్రాక్టీసు మొదలవగానే హెలెన్ కూత పెట్టి ఎడమ మూలకి దూకింది. నీడ చీలమండ పట్టేసింది, చల్లగా, గట్టిగా. పట్టి, తల కుడివైపు తిప్పి చూసింది. పక్కనున్నవాళ్లు వచ్చి రైడర్ నడుము చుట్టేయాలి. అది హెలెన్ నిలబడే చోటు. అక్కడెవరూ లేరు. నీడ వేళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి. హెలెన్ మళ్లీ వెళ్లింది. మళ్లీ అంతే.

తెనాలిలో ప్రతి రైడూ తానే చేసిన సంగతి హెలెన్ కి గుర్తొచ్చింది. తర్వాతి రైడ్ కోసం ఊపిరి దాచుకుంటూ, జ్యోతి పట్టినప్పుడల్లా వెనక గీత దగ్గరే ఉండిపోయింది.

"మేడమ్, ఆ రోజు నేను సాయానికి వెళ్లలేదండి."

"చూశాను."

"మరి చెప్పలేదేంటండీ?"

"చెబితే వినే మొహమేనా అది?"

ఆదివారం ప్రార్థన అయ్యాక హెలెన్ జ్యోతి వాళ్లింటికి వెళ్లింది. నాగజ్యోతి ఎండలో బట్టలు ఆరేస్తోంది. చీరలకి నీడ ఉంది, ఆమెకి లేదు.

"రేపట్నుంచి తెనాలిలో బట్టల కొట్లో పనికెళ్తోందమ్మా," అన్నాడు తండ్రి బాలస్వామి. "ఆ గెంతులు చాలు."

"పట్టు పోయింది నీవల్ల కాదే. నేను రాలేదు," అంది హెలెన్.

"తిట్టేటప్పుడు అందరూ ఉన్నారుగా. ఇప్పుడు గోడచాటున చెబుతావేం?"

సోమవారం పొద్దున నీడ బూడిద రంగుకి తిరిగింది. నాగజ్యోతి టిఫిన్ డబ్బాతో స్టేషన్‌కి వెళ్తూ గ్రౌండు గేటు ముందుకి వచ్చింది. హెలెన్ ఆట ఆపించింది.

"తెనాలిలో మనం ఓడింది నావల్ల," అని గేటు దాకా వినబడేలా చెప్పింది. "జ్యోతి పట్టింది. నేను కదల్లేదు."

నీడ మెల్లగా మోకాళ్లు చాపి, నేలమీద పొడుగ్గా సాగి, గేటు కిందనుంచి నాగజ్యోతి పాదాలు అందుకుంది. ఆమె కాసేపు అలాగే నిలబడింది. రైలు వెళ్లిపోయింది. డబ్బా గోడమీద పెట్టి లోపలికొచ్చింది.

బాలస్వామి చాలా రోజులు కూతురితో మాట్లాడలేదు. ఆ ఏడు బాపట్ల టోర్నమెంటులో కప్పూ రాలేదు. కానీ రైడ్లు అందరికీ పంచారు. నాగజ్యోతి పట్టిన కాళ్లలో ఏ ఒక్కటీ జారలేదు. తన రైడ్ కోసం ఇక ఊపిరి దాచుకోకూడదని హెలెన్ బాపట్లలో బస్సు దిగుతూనే అనుకుంది. కాలేజీ వదిలేదాకా దాచుకోలేదు.