అంటుకుపోని మీట

నేను ఒక కీబోర్డును. విశాఖపట్నంలో టైర్ల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లు దెబ్బలు తిన్నాను. మీటల కింద స్ప్రింగులున్న రకాన్ని. ఎంత గట్టిగా కొట్టినా టక్కుమని మళ్లీ పైకి లేస్తాను. ఆ లేవడం గురించే ఈ గొడవంతా.

నా యజమాని దాలినాయుడు. కోడ్ రాసే రోజుల్లో పది వేళ్లతో నన్ను కుమ్మేసేవాడు. తప్పెక్కడుందో దొరక్కపోతే పిడికిలితో గుద్దేవాడు. ఒకసారి గోడకేసి కొడితే నాలుగు మీటలు పళ్లలా నేల మీద రాలాయి. ఏరి తెచ్చి, బిగించి, తుడిచి, మళ్లీ గుద్దాడు. నాకు కోపం రాలేదు. కొడుతున్నాడంటే ఆలోచిస్తున్నాడని లెక్క.

తర్వాత ఏజెంట్లు వచ్చాయి. చెప్పింది విని కోడ్ తామే రాసుకునే ప్రోగ్రాములవి. మేనేజరు యామిని ఆరింటిని దాలినాయుడుకి అప్పగించి, ఇక నువ్వు రాయక్కర్లేదు, వీటిని నడిపించు చాలు అంది. ఏజెంటు ఏదైనా చేసేముందు తెర మీద అడుగుతుంది. ఎంటర్ నొక్కితే చేస్తుంది, నొక్కేదాకా ఆగుతుంది. ఆ ఆగడమే యామినికి గిట్టలేదు. ఏ ఏజెంటూ పది సెకన్లకు మించి ఎదురుచూడకూడదని గోడ మీద రాయించింది. పది సెకన్లలో ఏ మనిషి ఏం చదువుతాడు? నా ఒళ్లంతా దుమ్ము పట్టింది, ఎంటర్ ఒక్కటే చావుదెబ్బలు తింది. బొటనవేలితో, మోచేత్తో, ఫోన్ మాట్లాడుతూ టీ గ్లాసు అడుగుతో కూడా కొట్టాడు. పొద్దుటి మీటింగులో మాత్రం నిన్న నేనింత రాశానని అందరూ చెప్పుకునేవారు.

అప్పుడు వచ్చింది డయాలసిస్ సెంటరు పని. కిడ్నీలు పనిచేయనివాళ్ల ఒంట్లోంచి మిషను నీరు లాగుతుంది. ఎంత బరువు దగ్గర ఆపాలో ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క. ఆ లెక్కలన్నీ మా ప్రోగ్రాములోకి చేరాయి, వాళ్ల రిజిస్టర్లు అటకెక్కాయి. కొన్నాళ్లకు అక్కడి నర్సు పైడితల్లి ఒక కబురు పంపింది. కొత్త బరువులు ఎక్కించే ముందు పాత బరువులు తీసిపెట్టండి, అని.

అన్నం తీసిపెట్టమంటే ఎవరైనా పారబోస్తారా? పక్కన దాచి ఉంచుతారు. దాలినాయుడు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఏజెంటు ముందు పడేశాడు. అది మాటను రెండు ముక్కలుగా విరిచింది. తీసి, పెట్టు. అయినా మర్యాదగా అడిగింది: "పాత బరువులన్నీ తొలగించి, వాటి చోట సగటు బరువు పెట్టనా? తొలగించినవి తిరిగి రావు." దాలినాయుడు అప్పుడు వేరే ఏజెంటు పని చూస్తున్నాడు. చెయ్యి మాత్రం వచ్చి నన్ను కొట్టింది.

మర్నాడు ఉదయం, కొత్త బరువులు ఇంకా ఎక్కకముందే, ఆపాల్సిన బరువు ఆ సగటు కన్నా మూడు కిలోలు ఎక్కువున్న ఎర్రయ్య అనే రంపపు మిల్లు కూలీ ఒంట్లోంచి రెండు లీటర్లు లాగాల్సిన మిషను ఐదు లాగింది. కాళ్లు మెలితిరిగి అరిచాడట, మంచం చువ్వ వంగిపోయేలా పట్టుకున్నాడట. తర్వాత గుండె ఆగింది. పైడితల్లి అతని ఛాతీ మీద గుద్దుతూనే ఉంది. అతను లేవలేదు.

మూడో రోజు సెంటరు వాళ్లు కారణం రాసిమ్మన్నారు. ఉద్యోగం పోతుందని దాలినాయుడు భయపడ్డాడు. నా మీటలతోనే నా మీద టైపు చేశాడు: ఎంటర్ మీట అంటుకుపోయి దానంతటదే నొక్కుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ కాగితం పట్టుకుని పైడితల్లి మా మెట్లెక్కింది. ఎవరినీ తిట్టలేదు. నా మీదికి వంగి, ఒక్క వేలితో ఎంటర్ నొక్కింది. టక్కుమని లేచింది. మళ్లీ నొక్కింది. మళ్లీ లేచింది. గదిలో ఆ చప్పుడొక్కటే.

"ఇది అంటుకోలేదు బాబూ," అంది. "ఆడి రొమ్ము మీద అరగంట గుద్దినాను. పక్కటెముకలు ఇరిగిన సప్పుడు ఇన్నాను. తెర మీదున్నదే నమ్మీసి, సూసుకోకుండా మిషను ఎట్టీసినాను. నా తప్పు నాను రాసిచ్చినాను. నీ తప్పు దీని మీద రాస్తావేటి?"

ఆమె నన్ను రెండు చేతులా ఎత్తి దాలినాయుడు మొహాన కొట్టింది. ముక్కు పగిలింది. రెండో దెబ్బకు నా నడుం విరిగి, మీటలు గదంతా చెదిరాయి. యామిని వచ్చి పట్టుకుంటే విదిలించుకుని మూడోది బల్ల మీద వేసింది. నిజం చెబుతున్నాను, ఏడేళ్లలో నాకు హాయిగా అనిపించిన దెబ్బలు అవే.

దాలినాయుడు నెత్తురు కారుతుండగా నేల మీద పాకి, బల్ల కింద ఎంటర్ మీటను వెతికి ఆమె చేతిలో పెట్టాడు.

"నానే నొక్కినానమ్మా," అన్నాడు. "సదవలేదు."

ఇప్పుడు నేను గాజువాకలో పాత సామాన్ల కొట్టు వెనక, విరిగిన ఫ్యాన్ల కింద పడున్నాను. ఎంటర్ ఉండే చోట ఖాళీ. ఆ మీటను పైడితల్లి పారేయలేదు. చేతిరుమాల్లో చుట్టుకుని మెట్లు దిగడం నేను చూశాను. తీసిపెట్టడమంటే అదీ.