చేపకి కట్టిన ఇల్లు

అల్లుడు చేపని రంగు డబ్బాలో తెచ్చాడు. మూతకి మేకుతో చిల్లులు పొడిచాడు. మా ఇంట్లో ఉండడానికి వస్తూ, సామాను బండిలో ముందు సీట్లో కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. మా అమ్మాయి వెనక మంచం కోళ్ళ మధ్య కూర్చుని వచ్చింది.

ఆ చేప జానెడున్నర ఉంటుంది. పాములా సన్నగా, ముక్కు కోసుగా, ఒంటి నిండా గళ్ళు. బొమ్మిడాయిల జాతి. పెళ్ళికి ముందు నుంచీ అతని దగ్గరే ఉందట. సామాను దించేటప్పుడు పాత తొట్టి పగిలింది. కొత్తది కొన్నారు. అడుగున ఎరుపు, నీలం రంగుల కంకర మా అమ్మాయి ఏరి మరీ పోయించింది. చేప ఆ కంకర మీద ఒకసారి పాకి, మోటారు వెనక్కి పోయి ఇరుక్కుంది. అయిదు రోజులు అక్కడే ఉంది. ఏమీ తినలేదు.

అల్లుడు లిఫ్టు మెకానిక్. పెళ్ళయి మూడేళ్ళయినా నాతో మాట్లాడింది తక్కువ. నేనూ అంతే. మా ఇద్దరి మధ్య మా అమ్మాయే మాట్లాడుతుంది, ఇద్దరి తరఫునా.

ఆరో రోజు అతన్ని పది రోజుల పని మీద పై ఊరు పంపించారు. బయల్దేరే ముందు నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. అలా రావడం అదే మొదలు.

"మామయ్యగారూ, దాన్ని కాస్త చూస్తారా?"

"చూస్తాను."

"మూత మర్చిపోకండి. దూకుతుంది. వానపాములంటే ఇష్టం."

"సరే బాబూ."

అతను వెళ్ళాక మా అమ్మాయి వచ్చింది. "నాన్నా, ఆ చేపకి ఏమైనా అయితే ఆయన నిన్ను ఒక్క మాట అనరు. అదే నా భయం. అనరు, ఎప్పటికీ అనరు."

నేను తొట్టి ముందు స్టూలు వేసుకుని రోజంతా చూశాను. నాకు తెలిసింది ఒకటే. పాపం దానికి ఇల్లు లేదు.

నేను నలభై ఏళ్ళు తాపీ పని చేశాను. అటక మీద నుంచి తాపీ దించాను. ఇటుక ముక్కలు చెక్కి, సిమెంటు కలిపి జానెడు ఇల్లు కట్టాను. ముందు గుమ్మం, పక్కన కిటికీ. రసమట్టం పెట్టి చూశాను. బుడగ నడిమధ్య నిలబడింది. నాలుగు వైపులా పూత పూసి, కిటికీకి సన్‌షేడ్ తీశాను.

మా అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "నీళ్ళలో ఉండేదానికి సన్‌షేడ్ ఎందుకు నాన్నా? వాన పడుతుందా?"

"కిటికీ పెట్టి సన్‌షేడ్ లేకుండా ఎవరైనా వదిలేస్తారా?"

"మరి మెట్లేవి?"

"అది పాకుతుంది."

ఇంటిని మూడు రోజులు బకెట్లో నానబెట్టాను. చేప తిండి మానేసి అప్పటికి తొమ్మిది రోజులు. ఇక ఆగలేక నాలుగో రోజు తొట్టిలో దించాను. చేప మోటారు వెనక నుంచి వచ్చి గుమ్మం దాకా వెళ్ళింది. లోపలికి చూసింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టబోతే వద్దన్నాను.

మర్నాడు పొద్దున్నకి చేప నీళ్ళ పైన ఉంది. పైకి రాని చేప పైన పక్కకి ఒరిగి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఒంటి మీద తెల్లటి జిగురు.

ఇల్లు తీసి బకెట్లో పడేసి, చెప్పుల్లేకుండా చేపల దుకాణానికి పోయాను. దుకాణదారు ఇంకా షట్టరు సగమే ఎత్తాడు. అంతా చెప్పాను.

"సిమెంటా? నీళ్ళలోకి ఆ ఘాటంతా దిగుతుంది పెద్దాయనా. ఎన్నాళ్ళు నానబెట్టావు?"

"మూడు రోజులు."

"స్లాబుకే ఇరవై ఒక్క రోజులు నీళ్ళు కట్టమంటారు కదా. మా ఇల్లు కట్టిన మేస్త్రి రోజూ మమ్మల్ని తిట్టిపోసేవాడు."

 నలభై ఏళ్ళు ఇళ్ళవాళ్ళని ఆ మాట మీదే తిట్టాను.

"నువ్వేం పని చేసేవాడివి?" అని అడిగాడు.

"చేపకి ఏం చెయ్యాలో చెప్పు."

చెప్పాడు. నిలవ ఉంచిన నీళ్ళతో మూడోవంతు ఇప్పుడు మార్చాలి, సాయంత్రం ఇంకో మూడోవంతు, రేపు మిగతాది. మొత్తం ఒక్కసారి మారిస్తే అదురుకి పోతుంది. "అయినా దానికి ఇల్లెందుకు? ఇసుకలో దూరే చేప అది. కంకరలో ఎలా దూరుతుంది? పొట్ట గీరుకుపోతుంది. మెత్తటి ఇసుక పొయ్యి. చీకటి చెయ్యి. తర్వాత దాని మానాన దాన్ని వదిలెయ్యి."

డాబా మీద డ్రమ్ములో నిలవ నీళ్ళు ఉన్నాయి. మోసుకొచ్చి చెప్పినట్టే మార్చాను. సాయంత్రానికి చేప ఒరగడం మాని తిన్నగా అయింది. అప్పుడు ఇసుక పని పట్టాను. ముందు పెద్ద జల్లెడ, తర్వాత పూత జల్లెడ. చేత్తో నలిపి చూస్తే ఇంకా గరుగ్గానే తగిలింది. వంటింట్లోకి పోయాను.

"నాన్నా! అది పిండి జల్లెడ!"

"కడిగి ఇస్తాను."

"నాకొద్దు. ఇక దాన్ని చేపనే ఉంచుకోమను."

ఆ ఇసుకని పదకొండు బకెట్ల నీళ్ళతో కడిగాను. పదకొండోది తాగేటంత తేటగా వచ్చింది. మర్నాడు కంకరంతా గరిటెతో తోడి ఇసుక పరిచాను. నాలుగు వేళ్ళ మందం, మట్టంగా. తొట్టి లైటు పీకేశాను. స్లాబు మీద కప్పే గోనెపట్టా ఒకటి దులిపి, తొట్టికి మూడు వైపులా కట్టాను.

చేప దిగి వచ్చింది. ముక్కుతో ఇసుకని పొడిచింది. ఒళ్ళు ఒకసారి జాడించింది. ముక్కు దూరింది, తల దూరింది, గళ్ళు ఒక్కొక్కటే దూరాయి, తోక దూరింది. పైన ఇసుక మళ్ళీ చదునైంది. నేను నా జన్మలో అంత మట్టంగా తియ్యలేదు.

తర్వాత నాలుగు రోజులు అది కనపడలేదు. సాయంత్రం పూలకుండీ తవ్వి వానపాముని వేసేవాణ్ణి. పొద్దున్న ఉండేది కాదు.

పదో రోజు అల్లుడు వచ్చాడు. సంచి దించకుండా తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఉత్త ఇసుక, గోనెపట్టా.

"ఎక్కడ?"

"కింద."

జరిగింది చెప్పాను. సిమెంటు సంగతి కూడా చెప్పాను. మామూలుగా ఏడాదిలో మాట్లాడేదంత మాట్లాడాను. అతను విన్నాడు. ఏమీ అనలేదు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది.

"ఉందంటారా?" అన్నాడు చివరికి.

"వానపాములు పోతున్నాయి."

అతను మూత తీసి, పొడుగు గరిటె అందుకున్నాడు.

"తవ్వకండి బాబూ. ఇప్పుడిప్పుడే సర్దుకుంది."

గరిటె నీళ్ళ మీద కాసేపు ఆగింది. తర్వాత కింద పెట్టాడు. నేను కుండీలోంచి ఒక వానపాము తెచ్చి వేశాను. అతనికి రెండో స్టూలు జరిపాను. కూర్చున్నాం. మా అమ్మాయి రెండుసార్లు అన్నానికి పిలిచింది. మూడోసారి పిలవలేదు, తను తినేసింది.

కిటికీలో వెలుగు తగ్గాక ఇసుక ఒక చోట కదిలింది. కోసు ముక్కు బయటికి వచ్చింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. వానపాము కొస అందుకుని లోపలికి లాగేసుకుంది. ఇసుక మూసుకుంది.

అల్లుడు ఊపిరి వదిలాడు.

"కొంచెం ఒళ్ళు చేసింది" అన్నాడు.

ముక్కు చూసి చెప్పాడు. నేను అవునన్నాను.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాం. అక్కడ బకెట్లో ఇల్లు నానుతోంది. ఇరవై ఒక్క రోజులకి ఇంకా పన్నెండు ఉన్నాయి. అతను వంగి, నీళ్ళలోంచి దాన్ని పైకి ఎత్తి, చుట్టూ తిప్పి చూశాడు. కిటికీ దగ్గర ఆగాడు.

"సన్‌షేడ్ బాగుంది మామయ్యా."

ఇంట్లో ఆ మాట అన్నది అతనొక్కడే.