బొట్టుబిళ్లల మిషన్

"బటన్లు ఎక్కడున్నాయి?" అని నేనడిగితే, వాషింగ్ మిషన్ బిగించడానికి వచ్చిన మెకానిక్ జవాబు నాకు కాక మా ఆయన లక్ష్మీనర్సయ్యకు చెప్పాడు. "గీ ఎర్ర లైటు చూసి ఒత్తితే సాలు సార్." నా వేళ్లకు మాత్రం నున్నటి ప్లాస్టిక్ పలక తప్ప ఏమీ తగల్లేదు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మహబూబ్‌నగర్‌లో మా గల్లీకి వచ్చిన మొదటి మిషన్. "రాజమణికి కండ్లు కనపడయి, బట్టలుతకనీకె తిప్పలైతాందని తెచ్చిన," అని చూడవచ్చిన అందరికీ మా ఆయన చెప్పాడు. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక నవ్వుతూ చాయ్ అందించాను.

నేను పుట్టుగుడ్డిదాన్ని. పదకొండేళ్లుగా టెలిఫోన్ ఆపరేటర్ని. ఆఫీసు బోర్డు మీద నలభై లైన్లున్నా, ఏ మీట ఎవరిదో తడిమి చెప్పేస్తాను. అక్కడ అంత తెలిసినదాన్ని ఇంట్లో ఇంత మొద్దునెలా అయ్యాను? ఈ పలక మీద ఎక్కడ ఒత్తినా ఒకటే 'టిక్'. మూడోనాడు అంచనాగా ఒత్తితే, అప్పుడే నిండిన నీళ్లన్నీ బుడబుడమంటూ మోరీలోకి పోయాయి. "నల్లా రెండు దినాలకొకపారి వస్తది. గిన్ని నీళ్లు పారబోస్తివి! సూసుకోవద్దా?" అంది మా అత్త ఉప్పలమ్మ. చూసుకోవద్దా అని నన్నే అడుగుతోంది. తప్పు నాదేనేమోనని ఆ రోజు బట్టలన్నీ చేత్తోనే ఉతికాను.

పక్కింటి జాహేదా వచ్చి పలక మీది అక్షరాలు చదివింది. "అక్కా, జర ఆగు," అంటూ అత్త డబ్బాలోంచి మూడు బొట్టుబిళ్లలు తెచ్చి, ఒత్తాల్సిన మూడు చోట్లా అంటించింది. పెద్దది మిషన్ మొదలుపెట్టడానికి, మిగతా రెండూ ఉతకడానికి, పిండడానికి. ఎన్నిసార్లు ఒత్తితే ఏమవుతుందో లెక్క నేర్చుకున్నాను. వారం రోజులు ఒక్క పొరపాటు రాలేదు. మిషన్ తిరుగుతుంటే పక్కనే కుర్చీ వేసుకుని, ఖాళీ చేతులతో ఏం చేయాలో తోచక కూర్చునేదాన్ని.

ఆదివారం మా ఆయన స్నేహితుడు గుర్వయ్య వచ్చి, "మిషన్‌కు పెండ్లి చేసిండ్రా?" అని నవ్వాడు. అతను వెళ్లగానే మా ఆయన బిళ్లలు గోటితో గీకుతున్న చప్పుడు వినిపించింది.

"అవి నా కోసం అంటించినవి," అన్నాను.

"కొత్త మిషన్ కరాబైతాంది. నలుగురు నవ్వుతుండ్రు."

"మరి నేనెట్ల ఉతకాలె?"

"నీకు చేత్తో ఉతుకుడు అలవాటేనాయె. ఇది ఉండనీ."

అయితే ఇది ఎవరి కోసం తెచ్చినట్టు? నా తిప్పలు తగ్గించడానికా, చూపించుకోవడానికా? ఆయన గొంతులో కోపం కూడా లేదు. అదే నాకు అంతుపట్టలేదు. నిజంగానే నా మీద ప్రేమ అనుకుంటున్నాడేమో. నేనే ఎక్కువ ఆశపడ్డానేమో.

సోమవారం తెల్లారి నా రెండు చీరలు మాత్రం చేత్తో ఉతికి తీగ మీద ఆరేసుకున్నాను. మిగతా బట్టలన్నీ మిషన్లో వేసి మూత పెట్టాను. నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే మా ఆయన కేకేశాడు.

"నా తెల్లంగి ఉతకలేదేంది?"

చెప్పులు తొడుక్కున్నాను. కోపంతో అంటున్నానో, భయంతో అంటున్నానో నాకే తెలియలేదు. గొంతు మాత్రం ఆఫీసులో లైను కలిపేటప్పటిలాగే పలికింది.

"మిషన్ల ఉన్నది. ఎర్ర లైటు మీకు కనపడుతది గద, మీరే ఒత్తుండ్రి."