స్వరం ఇచ్చే మనిషి

మా అమ్మ రోసమ్మ జీవితంలో ఒక్కసారి కూడా ఒంటరిగా పాడలేదు. పెళ్లైన ఏడాది నుంచి పోయిన ఏడాది దాకా మెట్టుగూడలోని మా చర్చి క్వాయర్‌లో నిలబడింది, కానీ ఎప్పుడూ రెండో వరసలో, గుంపులో ఒకరిగానే. క్వాయర్ మాస్టర్ మా నాన్న సామ్యూల్. సొంత భార్యకు సోలో ఇస్తే సంఘంలో నలుగురూ ఏమంటారోనని ఆయనకు భయం. నేనొకసారి అమ్మను అడిగితే, "నాకెందుకు బిడ్డా సోలో, నా పని నాకుంది" అంది.

ఆమె పని స్వరం ఇవ్వడం. కీబోర్డు వాయించేవాళ్లు వచ్చేవారు, పోయేవారు, సగం వారాలు ఉండేవారే కాదు. అమ్మ ఉండేది. పాటకు ముందు నాన్న చెయ్యి పైకెత్తి ఆమె వైపు చూసేవాడు. ఆమె పెదవులు విప్పకుండా, పక్కవాళ్లకు మాత్రం వినబడేలా "మ్మ్..." అని పట్టేది. నాన్న చెయ్యి దించేవాడు. అందరూ ఆ స్వరంలోంచి అందుకునేవారు. చర్చిలో కూర్చున్నవాళ్లలో చాలామందికి అలాంటిదొకటి జరుగుతోందనే తెలియదు.

పోయిన వానాకాలం డెంగీ వచ్చి అమ్మ పోయింది. ఆ తర్వాత ఆమె గొంతు కోసం ఇల్లంతా వెతికితే ఏమీ దొరకలేదు. చివరిదాకా బటన్ల ఫోనే వాడింది. ఏదైనా చెప్పాలంటే ఫోన్ చేసి చెప్పి పెట్టేసేది. నా పెళ్లి వీడియోలో కెమెరా వైపు చూసి నవ్వుతూ ఏదో అంటుంది. వీడియో తీసినవాడు అక్కడ సినిమా పాట పెట్టాడు. వాడిని తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మిగిలినవి నాన్న క్యాసెట్లు. క్వాయర్ ప్రాక్టీసు ప్రతి వారం రికార్డు చేసి, తప్పులు వినిపించి మరీ తిట్టే అలవాటు ఆయనది. రికార్డర్ ఎప్పుడూ రెండో వరస ముందు స్టూలు మీద ఉండేది. పాటల్లో అమ్మ గొంతును విడదీసి వినడం ఎవరి తరమూ కాదు, అంతమందిలో కలిసిపోయి ఉంటుంది. కానీ ప్రతి పాటకు ముందు ఆ "మ్మ్" ఉంటుంది. అది మాత్రం ఆమె ఒక్కతే. నాన్నకు కావలసింది కూడా అదే.

మా తమ్ముడు ఎరిక్ బోయిగూడలో నాన్న దగ్గరే ఉంటాడు. చర్చి సౌండు, లైవు అన్నీ వాడే చూస్తాడు. బూజు పట్టిన ఆ క్యాసెట్లను వాడు ఒక్కొక్కటీ తుడిచి, చర్చి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఒక్కసారి తిరగగానే టేపు పొట్టులా రాలిపోయింది. ఇక ఎందుకని చెత్తబండిలో వేశాడు. కంప్యూటర్ ఒక్కటే ఉంటే అది చెడిపోతే గతేమిటని, కాపీలు దాచే డిస్కు పెట్టెలు మూడు తెచ్చి, చర్చిలో ఒక పెట్టె, నాన్న ఇంట్లో ఒక పెట్టె, సైనిక్‌పురిలో మా ఇంట్లో ఒక పెట్టె పెట్టాం. చర్చి కంప్యూటర్‌లో ఉన్నది మూడు పెట్టెల్లోనూ ఉండాలి, ఒకటి పోయినా రెండు మిగలాలి. కంపెనీల వివరాలు పోకుండా దాచే ఆఫీసులో నా ఉద్యోగం. ఆ ఆలోచన నాదే.

గొడవ వచ్చింది ప్రోటోకాల్ దగ్గర. అంటే కంప్యూటర్ నుంచి పెట్టెలకు ఏ పద్ధతిలో పంపాలన్న దగ్గర. నాన్న ముందు కంచాల్లో కోడికూర చల్లారిపోతుంటే నేనూ తమ్ముడూ దానికోసం కొట్టుకున్నాం.

"ముక్క ముక్కకూ అందిందా అని అడగాలె. అందలేదంటే మల్ల పంపాలె. దాచుకునేదానికి అదే పద్ధతి," అన్నాను.

"మన చర్చి నెట్టుకు అది ఎప్పటికైతదక్కా? నెల పడ్తది. పొద్దుగాల అందరం ఫోన్ల కలిసే ప్రేయర్ లైన్‌కు వాడేది ఉంది గదా, అది పెడదాం. బరువు తక్కువ, ఉరుకుతది."

"అది మాట్లాడుకునేదానికిరా. మాటల నడుమ ఒక ముక్క పోయినా మనిషి అర్థం చేసుకుంటడు. దాచుకునేకాడ పోయిందంటే పోయినట్టే."

"ఆడాడ ఒక ముక్క పోతే ఏమైతదక్కా? పాట పాటనే ఉంటది."

"నీకు చెప్పేకంటే గోడకు చెప్పుకున్నది నయం."

నాన్న కంచం పక్కకు జరిపాడు. "జెర లొల్లి ఆపుండ్రి. ఆదివారం మీ అమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఆ లోపల ఏది వస్తదో అదే పెట్టుండ్రి. నేను ఇంక ఆగలేను."

అంతే, ఎరిక్ చెప్పిందే పెట్టాం. కంప్యూటర్‌లోని డిస్కు విప్పి సంచిలో వేసుకుని మెట్టుగూడ నుంచి బోయిగూడకు నడిచి వచ్చినా పని అయిపోయేది. అంత చదువుకున్న మా ఇద్దరికీ ఆ సంగతి తట్టనే లేదు. ఆ మాట ఇప్పుడు ఇంకెవరైనా నాతో అంటే మాత్రం కొడతాను.

శుక్రవారం రాత్రికి అన్నీ వచ్చేశాయి. మూడు పెట్టెలనూ ఒకదానితో ఒకటి సరిచూశాను. ఎక్కడా తేడా లేదు, అన్నింటా పచ్చ టిక్కులే. మనసు తేలికపడి, శనివారం సాయంత్రం బోయిగూడకు బయలుదేరాను.

నేను వెళ్లేసరికి నాన్న స్పీకరుకు చెవి ఆనించి కూర్చున్నాడు. పాట అయిపోయింది. తర్వాతి పాటకు ముందు ఆయన కళ్లు మూసుకున్నాడు. స్పీకర్లోంచి సన్నగా "స్..." అని గాలి లాంటి చప్పుడు వచ్చింది. వెంటనే అందరూ పాట అందుకున్నారు. నాన్న ఇంకో క్యాసెట్‌లోది పెట్టమన్నాడు. అందులోనూ అంతే. ఇంకోటి. అదీ అంతే.

ఎరిక్‌ను వంటింట్లోకి లాక్కుపోయాను.

ప్రేయర్ లైన్‌లో ఎవరూ మాట్లాడనప్పుడు ఆ పద్ధతి ఏమీ పంపదు. నెట్టు ఆదా అవుతుందని అలా చేసి పెట్టారు. వినేవాళ్లు లైను తెగిందని కంగారుపడకుండా, అవతలి పక్క తనే సన్నని చప్పుడు పుట్టించి నింపుతుంది. అమ్మ స్వరం చాలా మెల్లనిది. ఎవరూ మాట్లాడటం లేదనుకుని దాన్ని పంపనే లేదు. అది ముక్క పోవడం కూడా కాదు. నేను భయపడింది ఒకదానికి, జరిగింది ఇంకొకటి. మూడు పెట్టెలకూ వెళ్లింది అదే కాబట్టి మూడూ సరిపోయాయి.

"చర్చి కంప్యూటర్ల ఉంది గదరా అసలుది?"

ఎరిక్ నా మొహంలోకి చూడలేదు. "రేపటి లైవ్‌కు జాగా లేకుండె అక్కా. మూడుకాడ టిక్కులొచ్చినయి గదా అని తీసేసిన. పొద్దుగాల్నుంచి రిహార్సల్ మొత్తం దాని మీదనే రికార్డయింది."

వాడిని చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది. వాడి మొహం చూశాక చెయ్యి రాలేదు. వాడికీ అమ్మే కదా.

"నాన్నకు చెప్పకక్కా," అన్నాడు. "ఇది పెట్టమన్నది ఆయననే. తెలిస్తే తట్టుకోడు."

అప్పుడే నాన్న పిలిచాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన చెవి రుద్దుకుంటున్నాడు.

"బిడ్డా, నాకు ఇనొస్తలేదే. ఈ చెవులు సుత ఖరాబైనట్టున్నయి. జెర నువ్వు చూడు. మీ అమ్మ ఇనొస్తుందా?"

నాకు అబద్ధమంటే పడదు. ఆ ఒక్క కారణానికే చుట్టాల్లో సగం మందితో మాటల్లేవు. ఎరిక్ గుమ్మం దగ్గర నిలబడి నావైపే చూస్తున్నాడు.

"ఇనొస్తుంది నాన్నా," అన్నాను. "మంచిగ ఇనొస్తుంది."

ఆయన మొహం వెలిగిపోయింది. అమ్మ పోయాక ఆ మొహం అలా చూడటం అదే మొదటిసారి. "దేవునికి స్తోత్రం. నా చెవులు పోతే పోయినయి గని, ఉంది గదా. ఏ స్వరం పట్టిందో నువ్వు అను బిడ్డా. నీ గొంతుల ఇంట."

పాట పేరు చెప్పాడు. స్పీకర్లో "స్..." మొదలైంది. నాన్న చెయ్యి పైకెత్తి, అమ్మ వైపు చూసినట్టే నావైపు చూశాడు. అమ్మ పక్కన నిలబడి పెరిగినదాన్ని, నాకు తెలిసే ఉంటుందనుకున్నాను. పెదవులు మూసి "మ్మ్..." అని పట్టాను. నాన్న చెయ్యి దించాడు.

క్వాయర్ అందుకుంది. నా స్వరం ఒకచోట, వాళ్ల పాట ఇంకొకచోట. చాలా కిందికి ఉంది పాట. చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయేంత తేడా.

నాన్న చెయ్యి ఒళ్లో పడిపోయింది. ఎరిక్ వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఉన్నదంతా నేనే చెప్పాను, మెల్లగా మాట్లాడితే ఆ పద్ధతి ఎందుకు పంపదో, అసలువి ఎలా పోయాయో. నాన్న వాడి తల మీద చెయ్యి వేశాడు.

"ఊకో బిడ్డా. ఆగలేనన్నది నేను. నువ్వేం చేస్తవ్?"

పాట నడుస్తూనే ఉంది. అంతమంది గొంతుల్లో అమ్మ ఎక్కడో ఉంది. నాన్న కాసేపు వెతికినట్టు విని, తల దించుకున్నాడు.

"వాళ్లేమంటరో వీళ్లేమంటరో అని దానికి ఒక్క పాట ఇయ్యకపోతిని," అన్నాడు. "ఒక్కటంటే ఒక్కటి ఇచ్చినా, ముందల నిలబడి గట్టిగ పాడేది. గట్టిగ పాడితే ఆ మిషన్ సుత ఇనేది గదా?"

ఆ మాటకు అబద్ధం చెబుదామని చూశాను. ఈసారి నా వల్ల కాలేదు.

"ఇనేది నాన్నా," అన్నాను.