నలభయ్యో గాటు

శుక్రవారం పొద్దున నీళ్లు పోసి వచ్చి, గెర్గినా తన ఇంటి మెట్ల మీద కూర్చుంది. కావడి గోడకు ఆనించి, చాకు తీసి, రోజుల లెక్కకు ఉంచుకున్న కర్ర మీద ఆ రోజు గాటు పెట్టింది. ఇదే ఆఖరుది. ఎందుకైనా మంచిదని మొదటి నుంచీ లెక్కపెట్టింది. ముప్పైతొమ్మిది వచ్చాయి. బొటనవేలితో ఒక్కొక్క గాటూ తడుముతూ మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పైతొమ్మిదే.

నలభై ఉండాలి.

పోయినవాళ్లకు అవతలి దారిలో దాహం వేస్తుందని ఆ ఊళ్లో నమ్మకం. అందుకని నలభై రోజులు బావి నీళ్లు తోడి, కావడి మీద మోసి, రోజుకు మూడేసి ఇళ్ల వాళ్లకు, తక్కువలో తక్కువ ఒక్కరికైనా, వంతులవారీగా తాగడానికి పోస్తారు. పోసేవాళ్లు పోయినవాళ్ల పేరు చెబుతారు. తాగినవాళ్లు “దేవుడు ఆమెను మన్నించాలి” అంటారు. ఆ మాటతోనే ఆ నీళ్లు అవతలికి చేరతాయి. మోసేవాళ్ల కన్నీరు బకెట్లో పడితే మాత్రం ఆ నీళ్లు పనికిరావు. అంతా అయ్యాక ఏటి ఒడ్డున, సూర్యుణ్ణీ ఒక పెద్ద ముత్తవ్వనూ సాక్షిగా పెట్టుకుని, నలభై రోజులూ మోశానని చెప్పి ఏట్లో దీపం వదలాలి. అది రేపు పొద్దునే.

ఈసారి పోయింది తుదోరా. ఆమెకు నీళ్లు మోయడానికి ఆడపిల్లలు లేరు. శవపేటిక పక్కన నిలబడి, “నీళ్లు నేను మోస్తాను” అన్నది గెర్గినాయే.

తుదోరా ఆమెకు పెద్దమ్మ కూతురు. మూడే మూడు నెలలు పెద్ద. ఇద్దరూ ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు కోడళ్లుగా వచ్చారు. వచ్చిన ఏడాదే మధ్య దడిలో రెండు చెక్కలు ఊడదీసి దారి చేసుకున్నారు. ముప్పైనాలుగేళ్లుగా పొద్దుటి కాఫీ తుదోరా వంటింట్లోనే. సెప్టెంబరులో ఒకరోజు ఆ కాఫీ తాగుతూ తుదోరా, “మధ్యాహ్నం త్వరగా రావే, పండ్లు ఏరేసి జామ్ పొయ్యి మీద పెడదాం. నీ నడక తెలిసిందేగా, నువ్వొచ్చేసరికి అవి సారా అయిపోతాయి” అంది. గెర్గినా త్వరగానే వెళ్ళింది. ప్లమ్ చెట్టు కింద సగం నిండిన బుట్ట ఉంది. దాని పక్కన తుదోరా ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది, అలిసిపోయి కునుకు తీసినట్టు. నొప్పని ఒక్కనాడూ అనని మనిషి. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

కర్ర పట్టుకుని గెర్గినా వీధి చివర స్టాంక అవ్వ ఇంటికి వెళ్ళింది. రేపు సాక్షిగా నిలబడేది ఆమే. అవ్వ గుమ్మంలో కూర్చుని అక్రోట్లు పగలగొడుతోంది. రేపటి గోధుమ ప్రసాదంలోకి.

“అవ్వా, ఒక రోజు తక్కువొచ్చింది.”

“నువ్వు లెక్కల్లో మొదట్నుంచీ మొద్దువే. ఇటు తే.” అవ్వ కర్రను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆమె కూడా ముప్పైతొమ్మిదే అంది. “గాటు పెట్టడం మరిచిపోయుంటావు.”

“పోయడమే మరిచిపోయానేమో.”

“పక్కవీధి నీనా చూడు, వాళ్ల మామకి నల్లా నీళ్లు పోసింది. పాపం ఆయన అక్కడ నలభై రోజులూ బ్లీచింగ్ వాసనే తాగుంటాడు. నువ్వు బావి నీళ్లు పోశావు, ఒక్క చుక్క కన్నీరు బకెట్లో పడకుండా మోశావు. చాల్లే.”

“రేపు ఏటి దగ్గర నలభై అని చెప్పమంటావా మరి?”

అవ్వ సుత్తి పక్కన పెట్టింది. “అబద్ధానికి నేను సాక్షిగా నిలబడనమ్మా. ముందు ఆ రోజేదో కనుక్కో. పోయని రోజైతే ఇవాళే పొయ్యి. పొద్దింకా ఉందిగా.”

ఇదంతా గ్రంథంలో లేదని ఫాదరు ఒకసారి నవ్వుతూనే చెప్పాడు, అలాగని వద్దనీ అనలేదు. దాహమన్నవాడికి గ్లాసెడు నీళ్లిస్తే మరిచిపోనన్న దేవుడు, ఒక గాటు తగ్గిందని తుదోరా గొంతు ఎండబెడతాడా? తిరిగి వస్తూ గెర్గినా అదే ఆలోచించింది. ఎండబెట్టడనే అనిపించింది. కానీ మాట ఇచ్చింది దేవుడికి కాదు, తుదోరాకి. దేవుడు మన్నిస్తాడు. తుదోరా మాత్రం ఇంకో ముప్పై ఏళ్లు దెప్పిపొడుస్తుంది. ఆ దెప్పుడు ఇక వినబడదన్న సంగతి గుర్తొచ్చి, ఆమె దారి మధ్యలో కాసేపు నిలబడిపోయింది.

దడి సందులోంచి తుదోరా పెరట్లోకి వెళ్ళింది. తుదోరా భర్త ఇలారియె రేపటి భోజనాలకు బల్లలు సర్దుతున్నాడు. ఆమె చేతిలో కర్ర చూసి పని ఆపాడు.

“ఒక రోజు తక్కువైంది బావా. ఏ రోజో గుర్తురావడం లేదు.”

ఆయన బల్ల మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

“నాకు తెలుసు,” అన్నాడు. “పెద్ద వాన కురిసిందే, ఆ మర్నాడు. నువ్వు బావి దగ్గర్నుంచి బకెట్లతో ఇటే వచ్చావు. వంటింట్లోకి పోయి కాఫీ పెట్టావు.”

“నేనా?”

“రెండు కప్పులు పెట్టావు. ఆమెది అంచు విరిగిన కప్పు కదా, అదీ తీశావు. జామ్ అడుగంటిందనీ, కోడి గుడ్లు దాస్తోందనీ ఏవేవో చెబుతూ కూర్చున్నావు. నేను గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగాను. ఎలా చెప్పను గెర్గినా? ఆ పూట నువ్వు సంతోషంగా ఉన్నావు.”

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. వాన వెలిసిన ఎండ, కిటికీ అద్దం మీద చుక్కలు. తుదోరా కోళ్ల దగ్గరికి వెళ్ళిందనీ, ఇంకా రాదేమిటనీ తను విసుక్కోవడం. ఆ తర్వాత ఇంటికి ఎలా వచ్చిందో, ఆ రోజంతా ఏం చేసిందో జ్ఞాపకం లేదు.

“ఆ రెండో కప్పు పారబోశావా?”

“చేతులు రాలేదు. చల్లారిపోయాక నేనే తాగాను.”

“తాగి ఆ మాటన్నావా, దేవుడు మన్నించాలని?”

ఇలారియె తల అడ్డంగా ఊపాడు. “ఇప్పటిదాకా అనలేదు. అంటే నిజంగా పోయినట్టే కదా.”

గెర్గినా చేతిలోని కర్ర వైపు చూసుకుంది. ఈ నలభై రోజుల్లో ఊళ్లో ప్రతివాళ్ల నోటా ఆ మాట విన్నది తను. పోసేవాళ్లు అనక్కర్లేదు, అందుకే హాయిగా తప్పించుకుంది. తుదోరా పోయిందని ఇంటింటికీ వెళ్ళి ఇతరులను ఒప్పించింది, తను మాత్రం ఒప్పుకోలేదు.

బావి దగ్గరికి వెళ్ళింది. ఒక బకెట్ తోడి తెచ్చింది. ముంతలో ముంచి ఇలారియెకు అందించింది.

“తుదోరాకి, బావా.”

ఆయన తాగాడు. మీసం తుడుచుకున్నాడు. “దేవుడు దాన్ని మన్నించాలి,” అన్నాడు.

లెక్కకు అది చాలు. అయినా ఆయన ముంతను మళ్ళీ ముంచి ఆమె వైపు చాపాడు. “నువ్వూ తాగు. తుదోరాకి.”

నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. ఆమె మొత్తం తాగింది, ముంత అడుగున చుక్క లేకుండా. బకెట్‌కు దూరంగా రెండడుగులు వేసి నిలబడింది.

“దేవుడు ఆమెను మన్నించాలి,” అంది. అని, తలగుడ్డ కొంగుతో మొహం కప్పుకుని, నలభై రోజులుగా దాచుకున్నదంతా ఏడ్చింది. ఇలారియె బకెట్‌ను ఇంకాస్త పక్కకు జరిపాడు.

చాలాసేపటికి ఆమె బల్ల దగ్గర కూర్చుని, చాకు అడిగి తీసుకుని, కర్ర చివర గాటు పెట్టింది. ఎక్కడా తేడా లేకుండా మిగతావాటిలాగే పెట్టింది.

“కాఫీ పెట్టనా?” అంది.

ఆయన వంటింటి వైపు కొంచెం భయంగా చూశాడు.

“రెండే కప్పులు బావా,” అంది గెర్గినా. “ఒకటి నీకు, ఒకటి నాకు.”