ఖేన్‌లో మిగిలిన ఊపిరి

తెల్లవారగానే ఒన్సీ చేసే మొదటి పని, నానిన జిగురుబియ్యాన్ని వెదురుబుట్టలో పోసి పొయ్యి మీద ఆవిరికి పెట్టడం. అది ఉడికేసరికి సన్యాసులు భిక్షకి వీధిలోకి వస్తారు. ఆ మధ్యలో, గోడకి వేలాడే ఖేన్ ఊపిరి తీస్తుంది. రెండు వరసల వెదురు గొట్టాల్లోంచి సన్నగా ఒక స్వరం లోపలికి, మరొకటి బయటికి. ఖేన్ వాద్యం తీరే అంత, ఊదినా పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది. ఊదడానికీ పీల్చడానికీ మనిషి లేడంతే.

ఆ మనిషి తొంగ్‌దామ్, ఒన్సీ మొగుడు. పోయి మూడేళ్లయింది. ఊపిరి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మెకాంగ్ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో దాన్ని ఎవరూ పెద్ద విషయంగా తీసుకోలేదు.

"మీ ఆయన ఇవాళ ఆలస్యంగా లేచినట్టున్నాడే?" అంటుంది పక్కింటావిడ కంచె మీంచి.

"చలి కదా, ముసుగుతన్ని పడుకున్నాడు," అంటుంది ఒన్సీ.

నవ్వుతూనే అంటుంది గానీ, ఆ శబ్దం ఆగేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలదు.

తొంగ్‌దామ్‌కి పిత్తాశయంలో రాళ్లొస్తే పట్నం ఆసుపత్రిలో పొట్ట కోసి తీశారు. పంపించేటప్పుడు నర్సు మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. గొట్టంతో గాలి పీల్చి బంతులు పైకి లేపాలనీ, పొట్టకి దిండు అదుముకుని గట్టిగా దగ్గాలనీ మరీ మరీ చెప్పింది. ఇంటికి రాగానే ఊరి పెద్దాయన్ని పిలిచారు. మనిషి ఒంట్లో ముప్ఫైరెండు ప్రాణాలుంటాయని అక్కడి నమ్మకం. కత్తికి బెదిరి చెదిరిపోయిన వాటన్నిటినీ ఆయన బతిమాలి వెనక్కి పిలిచాడు. అవి నిలిచేలా అందరూ తొంగ్‌దామ్ మణికట్లకి తెల్లదారాలు కట్టారు. అంతవరకూ బాగానే ఉంది. దగ్గితే ఆ ప్రాణాలు మళ్లీ బెదిరిపోతాయన్నది మాత్రం ఒన్సీ సొంత తెలివి. పెద్దాయన అలా అనలేదు.

అతను దగ్గబోయినప్పుడల్లా ఛాతీ మీద చెయ్యివేసి, "వద్దు, కదలకు," అంది. బంతుల డబ్బాని కడిగి, తుడిచి, అద్దాల బీరువాలో పెట్టింది. బతికినన్నాళ్లూ పెళ్లాం మాట ఒక్కటీ విననివాడు, ఆ ఒక్క మాటా విన్నాడు. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుపోయింది. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. దగ్గనిచ్చి ఉంటే బతికేవాడేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో' ఒన్సీని మూడేళ్లుగా తింటోంది.

ఈ వానాకాలం అతని చెల్లెలు లత్సమీకీ అవే రాళ్లు, అదే కోత. వెనకింట్లోనే ఉంటుంది. మోచేతుల దాకా దారాలు కట్టించుకుని, కొయ్యదుంగలా పడుకుంది. ఒన్సీ బీరువాలోంచి డబ్బా తీసి పట్టుకెళ్లింది.

"లేచి కూర్చో. ఒక్క బంతయినా లేపు."

"ఈ వయసులో నాకు బంతులాటా వదినా? కుట్లు పిగిలిపోతాయి. ప్రాణాలు ఇప్పుడిప్పుడే సర్దుకుంటున్నాయి, వాటిని ఉండనీ."

"దగ్గితే ఏం పోవు. దగ్గకపోతేనే ప్రమాదం."

లత్సమీ కళ్లు తెరిచింది. "అన్నయ్యకి దగ్గొద్దన్నది నువ్వేగా?"

"నేనే. అందుకే చెబుతున్నా."

లత్సమీ గోడవైపు తిరిగిపోయింది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి తీస్తుంటే ఛాతీలో గురగురమంటోంది. ఆ చప్పుడు ఒన్సీకి బాగా తెలుసు. వాగు పొంగి రోడ్డు మునిగింది. లత్సమీ మొగుడు ఫూవొంగ్ పడవ కోసం వానలోనే పరిగెత్తాడు.

ఒన్సీ ఇంటికొచ్చి ఖేన్ ముందు నిలబడింది. ఎందరో వాద్యగాళ్లు అడిగినా దాన్ని ఎవరినీ నోట పెట్టనివ్వలేదు. నోరు తగిలితే అందులోని ఊపిరి అయిపోతుందని, నీళ్లలో ఉప్పు కరుగుతుందని తెలిసినట్టే ఆమెకి తెలుసు. ఆ కాస్త ఊపిరే తనకి మిగిలింది. ఇవ్వాలని లేదు. అయినా గోడ మీంచి తీసింది.

"నీ చెల్లెలికి బాలేదు. రా," అంది.

వెనకింట్లో లత్సమీని లేపి దిండ్లకి ఆనించి, ఖేన్ ఆమె పెదాలకి పెట్టింది.

"నాకు ఊదడం రాదు వదినా."

"నువ్వు ఊదక్కర్లేదు. నోరు పెట్టు చాలు. ఆయన చూసుకుంటాడు."

ఖేన్ పలికింది. లత్సమీ పక్కటెముకలు మెల్లగా పైకి లేచాయి. మళ్లీ పలికింది, కిందికి దిగాయి. ఒక్కో ఊపిరీ ముందుదానికంటే లోతుకి వెళ్లింది. లత్సమీ నొప్పికి మూలిగింది గానీ పెదాలు తీయలేదు. అంతలో ఛాతీ అడుగు నుంచి దగ్గు తన్నుకొచ్చింది.

ఒన్సీ చెయ్యి పాత అలవాటుగా లత్సమీ ఛాతీ మీదికి వెళ్లింది. అక్కడే ఒక్క క్షణం ఆగింది. తర్వాత కిందికి జరిపి, కుట్ల మీద దిండు పెట్టి అదిమింది.

"దగ్గు. గట్టిగా దగ్గు," అంది ఏడుస్తూ. అది లత్సమీతో అన్న మాటో, ఇంకెవరితో అన్న మాటో ఆమెకే తెలియలేదు.

కఫమంతా పళ్లెంలో పడింది. ఫూవొంగ్ పడవ తెచ్చేసరికి లత్సమీ ఇన్ని కుట్లు వేసినవాడి వంశాన్నంతా తిడుతోంది. అయినా ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, మందులు రాసి, "కఫం వచ్చేసింది కాబట్టి సరిపోయింది. ఎవరు చేయించారు?" అని అడిగాడు.

"మా అన్నయ్య," అంది లత్సమీ. డాక్టరు తల ఊపి పక్క మంచం దగ్గరికి వెళ్లాడు.

లత్సమీ ఇంటికొచ్చిన మర్నాడు ఒన్సీ ఎప్పటిలాగే పొయ్యి మీద బుట్ట పెట్టింది. గోడ మీద ఖేన్ పలకలేదు. ఆ వానరోజు నుంచీ పలకడం లేదు.

"ఏంటే, మీ ఆయన ఇంకా లేవలేదా?" అంది కంచె మీంచి పక్కింటావిడ.

"లేచాడు. చెల్లెలింట్లో ఉన్నాడు."

వెనకింట్లో బంతులు ఠక్కున డబ్బా కప్పుకి తగిలిన చప్పుడు. వెంటనే గట్టి దగ్గు, అచ్చం తొంగ్‌దామ్ దగ్గులా. ఒన్సీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మూడేళ్ల కిందట ఈ ఇంట్లో వినపడాల్సిన దగ్గది.